ఇంటర్‌లో సోషియాలజీ: ఉద్దానం నుంచి ఒక పఠనం

ఇంటర్ బోర్డు పరీక్షల టైంటేబుల్‌లో కెమిస్ట్రీ, కామర్స్ పేపర్ల పక్కన సోషియాలజీ పేరు కూడా అచ్చయ్యేది. పలాస, టెక్కలిలో మేము ఎరిగిన కాలేజీల్లో ఆ పేపరు రాసినవాళ్లు ఒక్కరూ మాకు తగల్లేదు. ఎంపీసీ, బైపీసీకి డబ్బు పెట్టలేని ఇళ్ల పిల్లల్ని సీఈసీలోకో హెచ్ఈసీలోకో తోసేవారు. మేమూ అలా హెచ్ఈసీలో పడ్డవాళ్లమే. కులాన్ని గురించి చదివే శాస్త్రం ఒకటుందని ఎం.ఏ. ప్రవేశ పరీక్ష ఫారం నింపేటప్పుడే తెలిసింది. ఇంట్లో చెబితే, జీడి బట్టీలో పిక్కలు కొట్టి వచ్చిన మా అమ్మ "ఏటి సదువు బాబూ అది? ఉజ్జోగమొస్తాదా?" అంది.

పన్నెండో తరగతి కోసం ఎన్.సి.ఇ.ఆర్.టి. 2007లో తెచ్చిన 'భారతీయ సమాజం' పుస్తకాన్ని ఈమధ్య పలాసలో కొందరు ఇంటర్ పిల్లలతో కూర్చుని చదివాం. ఇంగ్లీషు పుస్తకం, తెలుగులో చర్చ. ముందుగా మంచి చెప్పాలి. వెలివేత, అవమానం, దోపిడీ మూడూ కలిసిందే అంటరానితనమని ఈ పుస్తకం సూటిగా చెబుతుంది. గుడి ఉత్సవంలో డప్పు కొట్టించుకోవడం కూడా అంటరానితనంలో భాగమే అంటుంది. మా రోజుల్లో సోషల్ పాఠంలో అంటరానితనమంటే సతీసహగమనం పక్కన ఇంకో 'దురాచారం'. ఎవరు ఎవరికి చేశారన్న ప్రశ్నే లేదు.

మా పేచీ మొదటి అధ్యాయంతో. సమాజం గురించి ఎవరూ సున్నా నుంచి మొదలుపెట్టరు, అందరికీ ముందే కొంత తెలుసు అంటుంది పుస్తకం. నిజమే. అయితే ఆ తెలిసినదే అడ్డంకి కూడా అవుతుందనీ, నేర్చుకున్నది మరచి మళ్లీ చూడాలనీ అంటుంది. ఎవరు మరవాలి? ఊళ్లో గ్లాసు వేరుగా పెట్టిన ఇంటి పిల్లవాడూ, ఆ గ్లాసులో తాగిన ఇంటి పిల్లవాడూ ఒకే బెంచీ మీద కూర్చుంటే ఇద్దరికీ ఒకే సలహా ఎలా చెల్లుతుంది? మొదటివాడికి అది దురభిప్రాయం కావచ్చు. రెండోవాడి దగ్గర ఉన్నది సాక్ష్యం. దాన్ని మరిపించే సోషియాలజీ మనకెందుకు?

ఆ మాట అనేశాక మా మీదికే తిరిగొచ్చింది. దీని జంట పుస్తకంలో, గ్రామీణ సమాజం అధ్యాయంలో, ఆంధ్రాలో భూమి గల ఆధిపత్య కులాలకు ఉదాహరణ కమ్మ, రెడ్లు. యూనివర్సిటీ చర్చల్లో మేమూ అదే నేర్చుకుని అదే వల్లించాం. మరి టెక్కలి చుట్టూ పొలాలు ఎవరివి? కళింగులు, వెలమలు, కాపులు. ఇక్కడ వీళ్లలో ఎక్కువమంది బీసీ జాబితాలో ఉన్నవాళ్లే. బహుజన ఐక్యత గురించి మాట్లాడే మనం ఈ సంగతిని మింగేస్తూ వచ్చాం. పుస్తకం మరవమన్నదాంట్లో మేము మరవాల్సిందీ కొంత ఉందని ఒప్పుకుంటున్నాం.

ఒక దండాసి కుర్రవాడు "మా పేరు ఏ పేజీలో ఉంది మాస్టారూ?" అని అడిగాడు. పేజీలు తిప్పాం, దొరకలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఎస్సీ వర్గీకరణలో ఆ పేరు రెల్లి, పైడిలతో కలిసి మొదటి గ్రూపులో ఉంది: పన్నెండు కులాలు, ఒక శాతం. అతని బతుకును తేల్చే ఈ లెక్క ఎలా వచ్చిందో చెప్పే పాఠం ఇంటర్లో ఏ గ్రూపులోనూ లేదు.

సామాజిక ఉద్యమాల అధ్యాయంలో చిప్కో ఉంది. చదవాల్సిందే. కానీ బీల నేలల కోసం 2010లో సోంపేటలోనూ, థర్మల్ ప్లాంటుకు ఎదురు తిరిగి 2011లో కాకరాపల్లిలోనూ జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఊళ్లు ఈ పిల్లలకు బస్సు దూరం. ఉద్దానం కిడ్నీ జబ్బు కూడా అంతే. నీళ్లని పరీక్షించారు, 2023లో పలాసలో ఆసుపత్రి కట్టారు. డయాలసిస్ కోసం ఏ ఇంట్లో నేల అమ్మారు, ఏ ఇంట్లో అమ్మడానికి నేలే లేదు అని అడగడం సోషియాలజీ పని.

పిల్లలకి ఒక పని పెట్టాం. జీడి బట్టీలో పిక్క ఎవరు కొడతారు, పప్పు గ్రేడింగ్ ఎవరు చేస్తారు, బట్టీ ఎవరి పేరున ఉంది, రాసుకురమ్మన్నాం. ఆరుగురు రాసుకొచ్చారు. ఏడో అమ్మాయి నోటుబుక్కు ఖాళీగా తెచ్చింది. వాళ్లమ్మ పనిచేసే చోట కులం అడిగితే రేపట్నుంచి పనిలోకి రానివ్వరట.