చంపకుండా ఆపే ఎర్ర నాచు

సిడ్నీ నగరాన్ని ఆనుకున్న బోటనీ బేలో, నీటి అడుగున రాళ్లను పట్టుకుని పెరిగే ఎర్ర నాచు ఒకటుంది. పేరు డెలీసియా పుల్క్రా. సముద్రంలో ఏది మునిగినా కొన్ని గంటల్లోనే దాని మీద బ్యాక్టీరియా పొర కట్టడం మొదలవుతుంది. ఆ తర్వాత నాచు మొలకలు, గుల్ల జీవులు వచ్చి అంటుకుంటాయి. ఈ నాచు కొమ్మలు మాత్రం చాలావరకు శుభ్రంగా ఉంటాయి. దీని గుట్టు తేల్చే పనిని 1990లలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో పీటర్ స్టైన్‌బర్గ్, స్టాఫన్ షెల్లెబర్గ్ బృందాలు చేపట్టాయి.

గుట్టంతా ఫ్యూరనోన్లు అనే పదార్థాల్లో ఉంది. నాలుగు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన వలయం, దానికి పొట్టి కార్బన్ తోక, పక్కన బ్రోమిన్ పరమాణువులు: ఇదీ నిర్మాణం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడ్ ఉంటుంది కాబట్టి ముడిసరుకుకు కొదవ లేదు. తయారైన సరుకును ఎక్కడ దాచాలి, ఎంత వదలాలి అన్నదాంట్లోనే నాచు నేర్పు కనిపిస్తుంది.

దాచేది ప్రత్యేకమైన గ్రంథి కణాల్లో. ఫ్లోరసెన్స్ సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ కణాల్లోని తిత్తులు వెలుగుతూ కనిపిస్తాయి. అక్కడి నుంచి ఫ్యూరనోన్లు కొద్దికొద్దిగా ఉపరితలానికి చేరతాయి. కొలిస్తే తేలింది చదరపు సెంటీమీటరుకు దాదాపు 100 నానోగ్రాములు, అంటే గ్రాములో కోటో వంతు. అదీ అంతటా ఒకేలా ఉండదు. లేత చివుళ్ల దగ్గర ఎక్కువ, మొదలుకు వచ్చేకొద్దీ తక్కువ. కాపలా అవసరమైన చోటే కాపలా.

ఇంత కొద్ది సరుకు ఎలా సరిపోతుంది? బ్యాక్టీరియా విడివిడిగా తొందరపడవు. బంతి నిండాకే వడ్డన మొదలైనట్టు, తగినంత మంది చేరారని తెలిశాకే గుంపు పనులకు దిగుతాయి. ఆ సంగతి వాటికి తెలిసేది అవి విడిచే సంకేత అణువుల వల్ల. చాలా బ్యాక్టీరియాలో ఆ అణువుకు కూడా ఒక ఆక్సిజన్, నాలుగు కార్బన్లున్న వలయమే ఉంటుంది, దానికి కార్బన్ తోక ఉంటుంది. ఫ్యూరనోన్ అచ్చం అదే పోలికతో వచ్చి సంకేతాన్ని చెడగొడుతుంది. సంకేతాన్ని అందుకునే లక్స్ఆర్ ప్రోటీన్ త్వరగా విచ్ఛిన్నమయ్యేలా చేస్తుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

1996లో ప్రచురితమైన ప్రయోగం ఈ పనిని కళ్లకు కట్టింది. సెర్రేషియా లిక్విఫేషియెన్స్ అనే బ్యాక్టీరియా మెత్తని అగార్ మీద గుంపుగా పాకుతూ పళ్లెమంతా ఆక్రమిస్తుంది. ఫ్యూరనోన్ కలిపిన పళ్లెంలో ఆ పాకుడు ఆగింది. పెరుగుదల మాత్రం ఆగలేదు. బ్యాక్టీరియా బతికే ఉంది, గుంపు కదలిక ఒక్కటే పోయింది. శత్రువును చంపడానికి పడే ఖర్చు లేకుండానే పని జరిగిపోయింది. నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది ఈ పొదుపే. ప్రయోగానికి వాడిన అగార్ కూడా ఎర్ర నాచుల నుంచి తీసేదే కావడం మరో విశేషం.

ఈ ఏర్పాటుకూ బలహీనత ఉంది. వేసవిలో నీళ్లు వేడెక్కినప్పుడు బోటనీ బేలో ఈ నాచు కొమ్మలు తెల్లబారుతుంటాయి. ఫ్యూరనోన్లు తగ్గిన మొక్కలు వెచ్చని నీటిలో ఎక్కువగా తెల్లబారతాయని, నౌటెల్లా అనే బ్యాక్టీరియా వాటికి ఆ జబ్బు తేగలదని 2011లో వచ్చిన పరిశోధనలు చూపించాయి.

మందుల సంగతికొస్తే, నాచు ఫ్యూరనోన్‌ను అనుసరించి తయారుచేసిన సి-30 అనే పదార్థం ఎలుకల ఊపిరితిత్తుల్లో సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌ను తగ్గించింది. చంపని మందుకు బ్యాక్టీరియా ఎదురు తిరగదని అప్పట్లో ఆశపడ్డారు. కానీ దాన్ని తట్టుకునే సూడోమొనాస్ రకాలు కూడా ప్రయోగశాలలో బయటపడ్డాయి. పైగా ఈ రకం ఫ్యూరనోన్లతో మన కణాలకూ హాని ఉంది. కాబట్టి ఇది రేపే దుకాణానికొచ్చే మాత్ర కాదు.

విశాఖ తీరంలోని అల్వా, గ్రాసిలేరియా లాంటి నాచుల రసాలను పరీక్షించే విద్యార్థులకు మాత్రం ఇందులో పనికొచ్చే పాఠముంది. బ్యాక్టీరియా చావలేదని రసాన్ని పక్కన పడేయకండి. సంకేతం అందాకే ఊదారంగు తయారుచేసే క్రోమోబ్యాక్టీరియం వయొలేసియం అనే బ్యాక్టీరియా మీద ఒకసారి వేసి చూడండి. అది బతికుండగానే ఆ రంగు మాయమైతే, ఆ నాచును వదలకండి.