చక్రం లేని శత్రువు: వెల్స్ నడక యంత్రాలు

హెచ్.జి. వెల్స్ నవల ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ (1898) చదివినవారికి ముందుగా గుర్తుండేది అంగారకవాసుల ఉష్ణకిరణం, ఆ తరువాత నల్లని విషధూమం. కానీ నవలలోని భయానికి మూలం ఆ ఆయుధాలను మోసే మూడుకాళ్ళ యంత్రంలో ఉందని నా అభిప్రాయం. అంత తెలివైన జీవులు చక్రాన్ని ఎందుకు వాడలేదు?

దీనికి జవాబు కొంతవరకు వెల్స్ దినచర్యలో దొరుకుతుంది. 1895లో ఆయన లండన్ విడిచి సర్రీలోని వోకింగ్‌లో, మేబరీ రోడ్డులో ఒక చిన్న ఇంట్లో కాపురం పెట్టాడు. నడిచి వెళ్ళేంత దూరంలోనే హార్సెల్ కామన్ అనే బయలు, అందులో ఇసుకగుంటలు. నవలలో మొదటి అంతరిక్షనౌక పడేది అక్కడే. సైకిలు తొక్కడం నేర్చుకున్న ఆ రోజుల్లోనే ‘ది వీల్స్ ఆఫ్ ఛాన్స్’ (1896) అనే సైకిలు యాత్రల నవలా రాశాడు. ఆ సైకిలు మీద ఊరంతా తిరుగుతూ, అంగారకవాసుల చేత ఏ చోటును ధ్వంసం చేయించాలో, ఎవరిని చంపించాలో గుర్తుపెట్టుకునేవాడినని 1934లో వెలువడిన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

సైకిలు తొక్కేవాడికి ఒక సంగతి ఒంటికి తెలుస్తుంది: చక్రానికి బాట కావాలి. బాట ఉండాలంటే దాన్ని వేసేవారు, బాగుచేసేవారు, దాని మర్యాదలు పాటించేవారు ఉండాలి. అంటే చక్రం వెనుక ఒక సమాజం ఉంటుంది. కాలికి ఆ సమాజంతో పనిలేదు. నవలలో లండన్ జనం బళ్ళతో రోడ్లను కిక్కిరిసి పారిపోతుంటే, శత్రువు చెట్లను విరుచుకుంటూ అడ్డంగా నడిచి వస్తాడు. కథకుడి తమ్ముడికి దొరికిన సైకిలు చక్రం కూడా ఎడ్జ్‌వేర్ దగ్గర విరిగిపోతుంది. అక్కడినుంచి అతనికీ కాళ్ళే గతి.

థామస్ హెన్రీ హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదివిన వెల్స్, ఈ యంత్రాలను శరీరనిర్మాణం తెలిసినవాడిలా వర్ణించాడు. ప్రకృతి కూడా చక్రాన్ని వాడలేదని కథకుడు గుర్తుచేస్తాడు. వాటి కీళ్ళలో స్థిరమైన ఇరుసులు తక్కువ, జారే భాగాలు ఎక్కువ. విద్యుత్తు ప్రసరించినప్పుడు దగ్గరికి లాక్కునే బిళ్ళల వరుసలు కండరాల పని చేస్తాయి. అయితే వైద్యుడిగా నాకు ఇక్కడ ఒక చిక్కు కనిపిస్తుంది. మూడు కాళ్ళు నిలబడటానికి ఎంత అనువో, నడవడానికి అంత ఇబ్బంది. ఒక కాలు ఎత్తితే మిగిలేవి రెండే. ఆరు కాళ్ళ పురుగు నడిచేటప్పుడు సాధారణంగా మూడింటిని నేలమీద ఉంచుతుంది. ఆ సౌకర్యం లేని మనిషి నడక, పడబోతూ ప్రతి అడుగుకూ సర్దుకోవడమే. వెల్స్ యంత్రమూ అలాగే తూలుతూ సాగాలి. అందుకే ఒక చిత్రకారుడు వాటిని వంగని ముక్కాలిపీటల్లా గీశాడని కథకుడు పుస్తకంలోనే ఎగతాళి చేస్తాడు.

1903లో స్ట్రాండ్ పత్రికలో వచ్చిన ‘ది లాండ్ ఐరన్‌క్లాడ్స్’ కథలో యంత్రపు కాళ్ళు మనుషుల చేతికి వచ్చాయి. డిప్లాక్ రూపొందించిన పెడ్‌రైల్ చక్రాలకు చుట్టూ పాదాలుంటాయి. వాటి మీద కదిలే ఉక్కుకోటల్లో, చిన్నచిన్న గదుల్లో కూర్చున్న యువకులు గుమాస్తాల్లా గురిచూసి మీటలు నొక్కుతారు. గెలిచాక కాఫీ తాగుతూ బిస్కట్లు తింటారు. యంత్రం చేతిలో మగటిమి ఓడిందని రాయబోయిన విలేఖరి, వాళ్ళను చూసి మెత్తబడతాడు. మొదటి నవలలో మన చూపు కాళ్ళ కింద నలిగేవారి మీద ఉంది. ఇక్కడ లోపల కూర్చున్నవారి నైపుణ్యం మీదికి మళ్ళింది. ఐదేళ్ళలో రచయిత చూపు మారిన ఈ తీరే నన్ను కలవరపెడుతుంది.

1916లో సోమ్ యుద్ధంలో దిగిన టాంకులకు కాళ్ళు లేవు, గొలుసుపట్టాలున్నాయి. 1960లలో అమెరికా సైన్యం కోసం జనరల్ ఎలక్ట్రిక్ తయారుచేసిన నాలుగుకాళ్ళ యంత్రం, దాన్ని తన చేతులతో కాళ్ళతో నడిపే మనిషిని త్వరగా అలసిపోయేలా చేసింది. బోస్టన్ డైనమిక్స్ వారి బరువులు మోసే నాలుగుకాళ్ళ మరను, చప్పుడు ఎక్కువని 2015లో మెరైన్లు పక్కన పెట్టారు. కాళ్ళ విషయంలో వెల్స్ జోస్యం ఇంకా పూర్తిగా ఫలించలేదు. చిన్న గదిలో కూర్చుని, తెర చూసి మీట నొక్కే యువకుడి విషయంలో మాత్రం ఎప్పుడో ఫలించింది.

నవల చివర అంగారకవాసులు సూక్ష్మజీవుల వల్ల చనిపోతారు. యంత్రాలు మాత్రం చెక్కుచెదరకుండా ఉండిపోతాయి, పరిశీలించి నేర్చుకోదలచినవారి కోసం. ఇంజనీర్లూ వైద్యులూ ఎక్కువగా ఉన్న మన ప్రవాస సమాజం ఈ రెండు రచనలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. మొదటిది మాత్రమే చదివితే, యంత్రంలో ఉన్నది ఎప్పుడూ పరాయివాడేనని అనిపిస్తుంది.