రెండు రేకుల నడుమ నురగ

గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీల దారిలో గేటు పక్కనుండే సెక్యూరిటీ క్యాబిన్‌ను ఎవరూ ఆగి చూడరు. నేను ఆగుతాను. అక్కడి పఫ్ ప్యానెల్ గోడంటే నాకంత ఇష్టం.

రెండు పల్చటి రేకులు, నడుమ పాలియురేథేన్ నురగ. జర్మనీలో ఒట్టో బేయర్ బృందం 1937లో కనిపెట్టిన రసాయనమది. రెండు ద్రవాలు కలవగానే పులిసిన పిండిలా పొంగి, రేకులను కరుచుకుని గట్టిపడుతుంది. 50 మిల్లీమీటర్ల ప్యానెల్ చదరపు మీటరుకు సుమారు 10 కిలోలు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడైతే 200 కిలోల పైమాటే. విడిగా నురగను గోటితో గీకొచ్చు, రేకును చేత్తో వంచొచ్చు. కలిస్తే గోడ!

ఇదే సూత్రంతో అమెరికాలో కొందరు ఫోమ్ షీట్లకు జిగురులో తడిపిన నూలుగుడ్డ అతికించి, రంగేసి, కారు వెనక లాక్కెళ్లే చిన్న పడకగదులు తక్కువ ఖర్చుతో సొంతంగా కట్టుకుంటారు. మన కుర్రాళ్లూ ప్రయత్నించాలి. ఒకటే జాగ్రత్త: జిగురు బదులు రెజిన్ వాడేటట్టయితే, థర్మకోల్ మీద మామూలు పాలిస్టర్ రెజిన్ పూయొద్దు. అందులోని స్టైరీన్ థర్మకోల్‌ను కరిగించేస్తుంది. ఎపాక్సీ వాడాలి.

పఫ్ క్యాబిన్‌లో అసలు పనితనమంతా అతుకుల్లో ఉంటుంది. కిటికీకి కోసిన అంచు, మూలన యాంగిల్, రివెట్టు, సిలికాన్ గీత... ఎక్కడ సందు మిగిలినా వాన అక్కడే దూరుతుంది. పూర్తయిన గదిని హైడ్రా క్రేన్ అలవోకగా లేపి లారీ మీద పెడుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు పైకి చూస్తారు. కట్టిన మేస్త్రీ మాత్రం వంగి, అడుగు అతుకులు చూసుకుంటాడు.