జంటగా నడిచే పంపులు

మునిసిపల్ వాటర్‌వర్క్స్‌లో పంపు నడిపేవాళ్లు మొదట నేర్చుకునే పద్ధతి ఒకటుంది. డెలివరీ వాల్వు మూసి ఉంచి మోటారు వెయ్యాలి, అది వేగం అందుకున్నాక మెల్లగా తెరవాలి. నీళ్లు తోడే సెంట్రిఫ్యూగల్ పంపుకు అది సరైన పద్ధతే. వాల్వు మూసి ఉన్నంతసేపు మోటారు మీద బరువు తక్కువ. అలా అలవాటుపడ్డ చెయ్యి ఫర్నేస్ ఆయిల్ పంపుహౌసులోనూ అదే పని చేస్తే కప్లింగ్ విరుగుతుంది, లేదా గ్యాస్కెట్ చిట్లి కాగిన నూనె చిమ్ముతుంది. అక్కడ నియమం తలకిందులు: ముందు దారి తెరవాలి, తర్వాతే మోటారు.

రామగుండం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి లాంటి థర్మల్ కేంద్రాలను బొగ్గుతో నడిచేవిగానే మనం గుర్తు పెట్టుకుంటాం. కానీ చల్లారిన బాయిలర్‌ను మళ్లీ వెలిగించేది నూనె మంట. లోడు బాగా తగ్గి బొగ్గు మంట ఊగిసలాడితే దాన్ని నిలబెట్టేదీ నూనె మంటే. ఆ నూనెను బర్నర్ దాకా తోసే పంపుహౌసు చూడటానికి వచ్చేవాళ్లు ఉండరు. ఫర్నేస్‌లో మంట పోయిందంటే మాత్రం మొదటి ఫోను అక్కడికే వస్తుంది. అందుకే అక్కడ ఒకే పంపును నమ్ముకోరు. రెండు కలిపి నడుపుతారు, మూడోదాన్ని సిద్ధంగా ఉంచుతారు. ఈ జంట నడకలో దశాబ్దాల పనితనం ఉంది. పుస్తకాల్లో అది అరపేజీకి మించదు. ఒక షిఫ్టువాళ్లు తర్వాతి షిఫ్టువాళ్లకు చెబుతూ రావడం వల్లే చాలావరకు నిలిచింది.

ఇవి గేర్ పంపులో, స్క్రూ పంపులో అయి ఉంటాయి. పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ పంపులన్న మాట. గేర్ పళ్ల సందుల్లోనో, మరల మధ్యనో చిక్కిన నూనె చుట్టుకు ఇంత అని ముందుకు పోతుంది. వెనకటి మోటబావి గుర్తున్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నీళ్లు ఎంత లోతున ఉన్నా బొక్కెనకు పట్టేది అంతే, లోతు పెరిగితే పెరిగేది ఎద్దుల మీద బరువు. ఇక్కడ లోతు స్థానంలో పైపులోని ప్రెషర్, ఎద్దుల స్థానంలో మోటారు. ఒకే బావికి రెండు మోటలు కడితే నీళ్లు రెట్టింపు వచ్చినట్టే, రెండు పంపులు కలిపితే నూనె కూడా రెట్టింపు వస్తుంది.

సెంట్రిఫ్యూగల్ పంపుల జంటలో ఈ లెక్క కుదరదు. రెండోది వేస్తే పైపులో రాపిడి పెరిగి, రెండింటి వాటా తగ్గుతుంది. ఒకటి కాస్త బలహీనమైతే బలమైనది దాన్ని పూర్తిగా నొక్కేసి, నీరు కదలకుండా లోపలే కాగేలా చేయగలదు. గేర్, స్క్రూ పంపుల్లో ఆ తగవు లేదు. ఒకటి పెద్దదైనా, మరొకటి చిన్నదైనా, వేగాలు వేరైనా దేని వాటా అది ఇస్తుంది. ఒకదాన్ని పూర్తి వేగంతో నడుపుతూ, రెండోదాని వేగాన్ని డ్రైవ్‌తో తగ్గించి పెంచి అవసరానికి సరిపెట్టుకోవచ్చు. కాబట్టి నా దృష్టిలో ఈ పద్ధతి కష్టం పంపుల్లో లేదు. అవి పంచుకునే పైపుల్లో ఉంది: సక్షన్ హెడరు, డెలివరీ హెడరు, ట్యాంకుకు వెనక్కి వెళ్లే రిటర్న్ లైను.

మొదట సక్షన్. పంపు నూనెను పీల్చుకుంటుందని అంటాం గానీ, నిజానికి నూనెను పంపులోకి నెట్టేవి ట్యాంకులో దాని మట్టం, పైన ఉన్న గాలి బరువు. ఆ గాలి బరువు ఎంత కష్టపడినా 10 మీటర్ల నీటి ఎత్తుకు సమానం, అంతే. మన మార్కెట్లో దొరికే ఫర్నేస్ ఆయిల్‌కు ఐఎస్ 1593 ప్రమాణం ఉంది. అందులో ఎంవీ2 రకం చిక్కదనం 50 డిగ్రీల దగ్గర 180 సెంటీస్టోకుల దాకా ఉండొచ్చు. వేడి తగ్గితే అది ఎన్నో రెట్లు చిక్కబడుతుంది. ఇంత చిక్కటి నూనె నిదానంగా పారే పైపులో ప్రవాహం రెట్టింపైతే పోయే ప్రెషర్ కూడా రెట్టింపు. ఒక పంపుతో నెలల తరబడి ఏ గొడవా లేకుండా నడిచిన సక్షన్ లైను, రెండో పంపు వేసిన నిమిషంలో గరగరమనడానికి కారణం ఇదే. వాక్యూమ్ గేజ్ ముల్లు ఎక్కడికి జరిగిందో అప్పుడే చూడాలి. స్ట్రెయినర్ మడ్డితో సగం పూడుకుపోయిన సంగతి ఒక పంపు నడుస్తున్నప్పుడు బయటపడదు, రెండు నడిస్తే దాచడం కుదరదు. కొత్తగా కట్టేవాళ్లు ఒక్కో పంపుకు ట్యాంకు నుంచి వేరే సక్షన్ లైను వేయాలని నేను గట్టిగా అంటాను. పైపు ఖర్చు ఒక్కసారి పెట్టేది, గరగర రోజూ ఉండేది.

డెలివరీ వైపు ప్రతి పంపుకూ రెండు కాపలాదార్లు ఉండాలి. ఒకటి రిలీఫ్ వాల్వు. ఈ పంపుకు ఆగడం తెలియదు, దారి మూసుకుపోతే మోటారు ట్రిప్ అయ్యేదాకా, లేదా ఏదో ఒకటి పగిలేదాకా ప్రెషర్ పెంచుతూనే పోతుంది. అందుకే పంపుకూ, ఎవరైనా చేత్తో మూయగల మొదటి వాల్వుకూ మధ్యలో రిలీఫ్ వాల్వు ఉండి తీరాలి. అది నూనెను పంపు లోపలే తిప్పే రకమైతే ఇంకా జాగ్రత్త. 20 బార్ ప్రెషర్ నుంచి జారిన నూనె ఒక్కో చుట్టుకు సుమారు 1 డిగ్రీ వేడెక్కుతుంది. లోపల ఉండేది కొద్ది లీటర్లే కాబట్టి, నిమిషంలో ఎన్నో చుట్లు తిరిగి పంపే కాలిపోయే స్థితి వస్తుంది. రిలీఫ్ నూనె ట్యాంకుకు పోతే ఆ బెంగ ఉండదు.

రెండోది ఎన్ఆర్‌వి, అంటే నూనెను వెనక్కి పోనివ్వని నాన్‌రిటర్న్ వాల్వు. అది సరిగా మూసుకోకపోతే నడుస్తున్న పంపు నూనె, ఆగి ఉన్న పంపు గుండా వెనక్కి పారి దాన్ని వెనక్కి తిప్పుతుంది. వెనక్కి తిరుగుతున్న పంపుకు కరెంటు ఇస్తే షాఫ్ట్ మీద పడే దెబ్బ మామూలుది కాదు. అందుకే చెయ్యి తిరిగిన ఆపరేటరు స్టాండ్‌బై పంపు దగ్గర ఆగి, కప్లింగ్ కదులుతోందా అని గార్డు సందులోంచి చూసిగానీ ముందుకు పోడు.

స్టాండ్‌బై గురించి ఇంకో మాట. మూడో పంపును ఊరికే నిలబెడితే దానిలో నూనె చల్లారి గట్టిపడుతుంది. సరిగ్గా మంట ఆరిపోబోయే క్షణంలో ఆటోమేటిక్‌గా స్టార్ట్ అయినా, ఆ గట్టి నూనెను కదిలించలేక ట్రిప్ అవుతుంది. అందుకు పాతవాళ్లు ఎంచుకున్న ఉపాయం నాకెంతో ఇష్టం. ఎన్ఆర్‌వి చుట్టూ సన్నటి రంధ్రమున్న చిన్న బైపాస్ పెడతారు. హెడరులోని వేడి నూనె కొంచెం కొంచెంగా స్టాండ్‌బై గుండా వెనక్కి పారి దాన్ని వెచ్చగా ఉంచుతుంది. రంధ్రం పంపును తిప్పలేనంత సన్నగా, దాన్ని చల్లారనివ్వనంత పెద్దదిగా ఉండాలి. ఈ రెండు హద్దుల మధ్య కొలత కుదర్చడంలోనే డిజైనరు నేర్పు తెలుస్తుంది.

అన్నింటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది రిటర్న్ లైను. ఒక లెక్క చూద్దాం. ఒక్కో పంపు గంటకు 6 ఘనమీటర్లు ఇస్తుందనుకుందాం. రెండూ కలిపి 12. బర్నర్లు 9 తీసుకుంటే మిగతా 3 వెనక్కి పోవాలి. హెడరు ప్రెషర్‌ను పట్టి ఉంచే వాల్వు ఆ మిగులును ట్యాంకుకు వదులుతూ ఉంటుంది. ఇప్పుడు బాయిలర్ ట్రిప్ అయింది, బర్నర్ వాల్వులన్నీ టక్కున మూసుకున్నాయి. ఒక్కసారిగా మొత్తం 12 వెనక్కి పోవాలి. ఆ వాల్వు, ఆ పైపు ఒక పంపునే దృష్టిలో పెట్టుకుని వేసినవైతే ప్రెషర్ ఎగబాకుతుంది, రెండు రిలీఫ్ వాల్వులూ తెరుచుకుని టకటక కొట్టుకోవడం మొదలుపెడతాయి. రిలీఫ్ వాల్వు ప్రమాదాన్ని కాయడానికే ఉంది. రోజువారీ ప్రెషర్ సర్దుబాటు దాని మీద వేస్తే సీటు అరిగి, నిజంగా అవసరమైన రోజున సరిగా మూసుకోదు, లేదా సరిగా తెరుచుకోదు.

వెనక్కి పోయే ఆ 3 ఘనమీటర్లూ ఉచితం కాదు. 20 బార్ దగ్గర లెక్కిస్తే అది సుమారు 1.7 కిలోవాట్లు, రోజుకు 40 యూనిట్లు. మోటారు, పంపు నష్టాలు కలిపితే ఇంకా ఎక్కువ. ఒక పంపు చాలిన రోజున కూడా ధైర్యం కోసం రెండూ నడిపే అలవాటు చాలాచోట్ల ఉంది. దాన్ని నేను సమర్థించను. కరెంటు పోవడం ఒకటే కాదు, రెండు పంపులూ ఒకేలా అరుగుతాయి. రెండూ ఒకే కాలంలో రిపేరుకు వస్తే జంట పెట్టిన ప్రయోజనమే ఉండదు. నడిచిన గంటలు కావాలనే ఎక్కువ తక్కువలుగా ఉండేలా చేంజోవర్ చేసే పాత పద్ధతికి అర్థం ఇదే.

అరుగుదల గురించి చెప్పాలంటే ఓడల అనుభవం చూడాలి. 2020 జనవరి 1 నుంచి ప్రపంచమంతటా ఓడల ఇంధనంలో గంధకం 0.5 శాతానికి మించకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది. కొన్ని తీరాల దగ్గర హద్దు 0.1 శాతమే కాబట్టి, అక్కడికి చేరే ఓడలు చాలావరకు పలచటి గ్యాస్ ఆయిల్‌కు మారతాయి. చిక్కటి నూనెతో చక్కగా ప్రెషర్ నిలబెట్టిన పంపు పలచటి నూనె రాగానే చతికిలబడవచ్చు. గేరుకూ కేసింగుకూ మధ్య పెరిగిన సందులోంచి నూనె వెనక్కి జారిపోతుంది. చిక్కదనమే ఇన్నాళ్లూ ఆ అరుగుదలను కప్పిపుచ్చింది. పలచటి నూనె మండించే ఫ్యాక్టరీ బాయిలర్లకూ ఇది వర్తిస్తుంది. అప్పుడు రెండో పంపు కలిపి లోటు పూడ్చవచ్చు, కానీ అది తాత్కాలికం. మొదటి దాన్ని విప్పి సందు కొలవక తప్పదు.

కొత్త పంపుహౌసును అప్పగించుకునేటప్పుడు ఒక పరీక్ష పట్టుబట్టి చేయించుకోవాలి. రెండు పంపులూ పూర్తి వేగంతో నడుస్తుండగా, నూనె మామూలు వేడిలో ఉండగా, బర్నర్ వైపు వాల్వులన్నీ ఒక్కసారిగా మూయించాలి. హెడరు గేజ్ ఎంత ఎత్తుకు ఎగిరిందో, ఎన్ని సెకన్లలో స్థిరపడిందో, రిలీఫ్ వాల్వులు కదిలాయో లేదో లాగ్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టాలి. ఏడాది తర్వాత స్టాండ్‌బైని కలిపి మళ్లీ ఇదే పరీక్ష చేసినవాళ్లకు, పోల్చుకోవడానికి ఆ పేజీ ఉంటుంది.