నఫ్స్: మరణాన్ని చవిచూచేది ఎవరు?

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) 1095లో బగ్దాదు నిజామియా విద్యాలయంలోని ఆచార్య పదవిని త్యజించారు. ఆ తరువాతి సంవత్సరాలలో రచించిన 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో నాలుగు భాగాలు, భాగానికి పది చొప్పున నలభై గ్రంథాలు ఉన్నాయి. మానవ హృదయాన్ని వివరించే 21వ గ్రంథంతో మూడవ భాగం ప్రారంభమవుతుంది. మరణ స్మరణకు సంబంధించిన 40వ గ్రంథంతో నాల్గవ భాగం ముగుస్తుంది. మనిషి ఎవరు అన్న మొదటి గ్రంథపు ప్రశ్న లేకుండా చివరి గ్రంథం అర్థం కాదు. అయితే తెలుగు చేసేటప్పుడు ఈ రెండూ విడిపోయే ప్రమాదం ఉంది. అందుకు కారణం 'నఫ్స్' అనే పదం.

దివ్య ఖుర్ఆన్‌లో మూడుచోట్ల (3:185, 21:35, 29:57) మరణం రుచి చూడక తప్పదని చెప్పబడింది ఈ నఫ్స్ గురించే. చెడుకు పురికొల్పేదీ (12:53), తన్ను తాను నిందించుకునేదీ (75:2), ప్రశాంతి పొందినదీ (89:27) నఫ్సే. తెలుగులో మొదటి సందర్భానికి 'ప్రాణి' అనీ, తక్కినవాటికి 'మనసు' అనీ, 'ఆత్మ' అనీ వ్రాయడం సులభం. కాని 'ప్రాణి' అంటే పశుపక్ష్యాదులు కూడా వస్తాయి. మనిషి స్వభావం జారిపోతుంది. 'ఆత్మ' అంటే నాశనం లేనిదన్న భావం తెలుగువారి చెవిలో స్థిరపడి ఉంది. దానికి మరణమేమిటని పాఠకుడు తికమక పడతాడు. ఇక మన ఇళ్లలో నఫ్స్ అంటే కేవలం కోరికలే!

ఈ చిక్కును గజాలీ ముందే గుర్తించారు. 21వ గ్రంథారంభంలోనే ఖల్బ్, రూహ్, నఫ్స్, అఖ్ల్ అనే నాలుగు పదాలకూ రెండేసి అర్థాలు చెప్పారు. నఫ్స్ ఒక అర్థంలో కామక్రోధాలకు మూలం, మరొక అర్థంలో మనిషి యొక్క అసలు తత్వం, అనగా 'తాను'. ఈ రెండవ అర్థమే 40వ గ్రంథానికి తాళంచెవి. మరణమంటే స్థితి మారడమే కాని నశించిపోవడం కాదని అక్కడ ఆయన నిరూపిస్తారు. పక్షవాతం వచ్చిన చేయి మన మాట వినదు. మరణంలో శరీరమంతా అలాగే మాట వినకుండా పోతుంది. ఆజ్ఞాపించిన 'తాను' మాత్రం తన గుణాలతో, తన కర్మలతో మిగిలి ఉంటుంది. మన 'చవిచూచు' అన్న మాట ఇక్కడ చక్కగా అమరుతుంది. రుచి తెలియాలంటే రుచి చూచేవాడు ఉండాలి కదా!

ఈ గ్రంథంలో లోపం లేదనలేము. ముఖ్యంగా సమాధి, పరలోక స్థితులను వర్ణించే భాగాలలో బలహీన హదీసులు చోటుచేసుకున్నాయి. హాఫిజ్ ఇరాఖీ (మరణం 1404) 'ఇహ్యా' హదీసులను పరిశీలించి వాటి స్థాయిని సూచించారు. ఆ సూచనలు లేకుండా ఈ గ్రంథాన్ని తెలుగులోకి తేవడం న్యాయం కాదు. అయినా, వ్యామోహంలో మునిగినవాడు, పశ్చాత్తాపంతో మరలినవాడు, దైవాన్ని ఎరిగినవాడు అంటూ మరణాన్ని తలచుకునే మనుషులను ఆయన మూడు తెగలుగా విభజించిన తీరుకు సాటి అరుదు. మృత్యుభయం కూడా మనిషినిబట్టి మారుతుందని అది తెలుపుతుంది.

కాబట్టి 'నఫ్స్'ను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట రెండు అర్థాలనూ వివరించడం మేలని నా అభిప్రాయం. ఇది నిఘంటువుకు సంబంధించిన వాదం మాత్రమే కాదు. మన సంతాప లేఖలలో 'ఆత్మకు శాంతి కలుగుగాక' అనే వాక్యం అలవాటుగా దొర్లుతూ ఉంటుంది. ఖుర్ఆన్ చెప్పే ప్రశాంతి నఫ్స్ బ్రతికి ఉండగా విశ్వాసంతో, విధేయతతో సంపాదించుకోవలసినది. మరణించినవారి కొరకు మనం వేడుకోవలసింది మగ్ఫిరత్, అంటే క్షమాభిక్ష. గజాలీ కూడా తన నలభైయవ గ్రంథాన్ని అల్లాహ్ కారుణ్య విస్తృతిని తెలిపే ప్రకరణంతోనే ముగించారు.