పీపాలో మాగిన టెకీలా

ఉప్పు నాకి, ఒక్క గుటకలో మింగి, నిమ్మచెక్క కొరకడం. టెకీలా అనగానే చాలామందికి తెలిసిన పద్ధతి ఇదే. ఓక్ పీపాలో ఏళ్లపాటు మాగిన టెకీలాకు ఇది పనికిరాదు. ఉప్పూ పులుపూ నాలుకను ముందే ఆక్రమిస్తే మాగుడు తెచ్చిన రుచులు తెలియవు.

మెక్సికోలోని హలీస్కో రాష్ట్రం దీని పుట్టిల్లు. ముడిసరుకైన నీలి అగావే మన కిత్తనార జాతి మొక్కే. కోతకు రావడానికి సాధారణంగా ఆరేడేళ్లు పడుతుంది. హిమదోర్లనే పనివాళ్లు కోవా అనే పదునైన పనిముట్టుతో ఆకులు నరికి నడిమి గడ్డను తీస్తారు. దాన్ని ఆవిరిలో ఉడికించి, రసం పిండి, పులియబెట్టి, రెండుసార్లు కాచి దించితే బ్లాంకో తయారు.

ఆ తర్వాతి పని పీపాది. కనీసం 2 నెలలు ఓక్‌లో ఉంటే రెపొసాడో. 600 లీటర్లకు మించని పీపాల్లో ఏడాది గడిస్తే అన్యెహో, 3 ఏళ్లు దాటితే ఎక్స్‌ట్రా అన్యెహో. ఈ చివరి తరగతికి 2006లో గుర్తింపు వచ్చింది. చాలామంది అమెరికాలో బూర్బన్ విస్కీకి వాడిన పీపాలనే తెచ్చుకుంటారు. లోపల కాల్చిన ఆ చెక్క నుంచే వనిల్లా, కొబ్బరి వాసనలు, నాలుకకు తగిలే వగరు దిగుతాయి. హలీస్కో వేడికి సరుకు త్వరగా ఆవిరవుతుంది కాబట్టి, స్కాచ్‌లాగా దశాబ్దాలు దాచడం ఇక్కడ కుదరదు.

రుచి చూడటానికి ఐసు వద్దు, పొడుగాటి సన్నని గ్లాసు చాలు. ముక్కు లోపలికి దూర్చి గట్టిగా పీల్చితే ఆల్కహాలు ఘాటే తగులుతుంది. నోరు కొద్దిగా తెరిచి, అంచుకు కాస్త ఎడంగా వాసన చూడాలి. మొదటి చుక్క నోటిని సిద్ధం చేయడానికే. రెండో గుక్కను నాలుకంతా తిప్పి, మింగాక ముక్కుతో ఊపిరి వదలాలి. అప్పుడు వెనక నుంచి వచ్చే వాసనల్లో ఉడికిన అగావే తీపి, మిరియాల చురుకు ఉన్నాయేమో వెతకాలి.

అసలు పరీక్ష అదే. ఆవఘాటు మితిమీరి మామిడిముక్క రుచి మరుగున పడిన ఊరగాయలాగా, అగావే జాడ లేకుండా చెక్క వాసనే మిగిలితే, ఆ పీపా తన పని మించి చేసినట్టు. ముదురు రంగును నమ్మి మోసపోకూడదు. మాగించిన టెకీలాలో కారమెల్ రంగు, ఓక్ సారం, గ్లిసరిన్, చక్కెర పాకం కొంత మోతాదు వరకు కలపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. సీసాపై వంద శాతం అగావే అని లేకపోతే, పులియబెట్టిన చక్కెరల్లో 49 శాతం దాకా వేరే మూలాలవి కావచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవారు ఖరీదైన ఎక్స్‌ట్రా అన్యెహో కోసం పరుగెత్తనక్కర్లేదు. ఒకే తయారీదారు బ్లాంకోను, అన్యెహోను పక్కపక్కన పెట్టి, ముందు బ్లాంకో రుచి చూస్తే చాలు. మొక్క ఇచ్చిందేదో, చెక్క చేర్చిందేదో నాలుకే విడదీస్తుంది. ఎన్నేళ్ల సరుకుకు ఎంత పెట్టవచ్చో ఆ తేడాను బట్టి ఎవరికి వారే తేల్చుకోవచ్చు.