తాళపు కన్నంలోంచి అండమాన్

ఎత్తైన ప్రహరీ, దాని మీద గాజుపెంకులు. లోపలికి ఇనప పట్టీలు బిగించిన ఒకటే తలుపు. తోటంతా నిధి కోసం తవ్విన గోతులు, మట్టిదిబ్బలు. మేడ మీది గది లోపలినుంచి బిగించి ఉంది. తాళపు కన్నంలోంచి చూస్తే వెన్నెల్లో, గాలిలో వేలాడుతున్నట్టు ఒక ముఖం, దాని మీద బిగుసుకుపోయిన నవ్వు. 1890లో ఆర్థర్ కానన్ డాయిల్ రాసిన షెర్లాక్ హోమ్స్ నవల ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లో శవం మనకు కనబడే తీరిది. మొండెం నీడలో ఉంది కాబట్టి ముఖమొక్కటే తేలింది. రచయిత అబద్ధమేమీ ఆడలేదు, మన చూపుకు చిన్న కన్నం మాత్రమే వదిలాడు. గోతిక్ రచన పనితనం అక్కడే ఉంది.

1764లో హొరేస్ వాల్పోల్ నవల ‘ద కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’తో మొదలైన ఈ సంప్రదాయాన్ని దయ్యాల కథలని తీసిపారేయడం అన్యాయం. పాడుబడ్డ ఇళ్లు, అడవులు, గుడ్లగూబల అరుపులు భయానక రసానికి విభావాలని, అంటే దాన్ని పుట్టించే కారణాలని, నాట్యశాస్త్రంలో మన భరతుడే చెప్పాడు. మామూలు కథలో భయపెట్టేవాడు ఆలంబనం, చుట్టూ ఉన్న చీకటి ఉద్దీపనం. గోతిక్‌లో ఆ ఉద్దీపనమే పెరిగి పెరిగి ఆలంబనం స్థానాన్ని ఆక్రమిస్తుంది. కోటే పాత్ర అవుతుంది, దాని గోడల వెనక ఎవరో చేసిన పాత అన్యాయం ఉంటుంది. రాబోయేదాన్ని తలుచుకుంటే కలిగే భయం మనసును విప్పారుస్తుందనీ, కళ్లెదుట పడిన ఘోరం దాన్ని గడ్డకట్టిస్తుందనీ గోతిక్ నవలాకారిణి ఆన్ రాడ్‌క్లిఫ్ తేడా చెప్పింది. అందుకే ఈ రచయితలు చూపించడం కంటే దాచడానికే ఎక్కువ కష్టపడతారు.

డాయిల్ ఆ ఇంటిని అంత బాగా కట్టి, చివరికి భయాన్ని తీసుకెళ్లి ఒక మనిషి ముఖానికి అంటించాడు. హంతకుడు టోంగా అండమాన్ ఆదివాసి. నవల అతన్ని పొట్టి రాక్షసుడిలా, నరమాంస భక్షకుల జాతివాడిలా చూపిస్తుంది. చేతికి విషపు ముళ్లు ఊదే గొట్టం ఇస్తుంది. అండమాన్ ఆదివాసుల ఆయుధాలు విల్లంబులు. ఆ గొట్టం వాళ్లది కాదు. నరమాంసం మాట నావికుల పుకారు. 1858లో ఆంగ్లేయులు అక్కడ ఖైదీల వలస పెట్టాక తట్టు, సుఖవ్యాధులు పాకి, వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు పదుల్లోకి పడిపోయారు. ఎవరు ఎవరికి భయపడాలి? పనితనం ఎంత ఉన్నా, ఇక్కడ ఆ నవలను నేను క్షమించలేను.

నవల వచ్చిన ఆరేళ్లకు, 1896లో, పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు కట్టడం మొదలైంది. 1906కి పూర్తయింది. నడుమ కాపలా గోపురం, దాని చుట్టూ ఏడు బారులు. ఒక బారులోని గదుల తలుపులు పక్క బారు వీపును చూస్తాయి, అందుకని ఖైదీకి ఎదురుగా ఎప్పుడూ గోడే. గది పొడవు నాలుగున్నర మీటర్లు, వెడల్పు మూడు మీటర్ల లోపు. వెలుతురు వచ్చే కిటికీ మూడు మీటర్ల ఎత్తున. గడియ తలుపుకు కాస్త దూరంగా గోడ గూట్లో ఉంటుంది, ఊచల్లోంచి చెయ్యి చాపినా అందదు. మన్యం కొండల్లో పెరిగిన గాం మల్లుదొర, అల్లూరి సీతారామరాజు అనుచరుడు, ఏళ్ల తరబడి ఉన్నది ఈ జైల్లోనే. ఆయన బయటపడి 1952లో లోక్‌సభకు వెళ్లాడు. పక్క మనిషి ముఖం కనబడకుండా చేయడమన్న ఊహ నవలాకారుడికి వస్తే శైలి అంటాం. ఇక్కడ అది ఇంజనీర్ల నక్షాలో ఉంది.

జైలుకు ఎదురుగా ఒకప్పటి రాస్ దీవి. 1941 భూకంపం, మరుసటేడు జపాన్ ఆక్రమణ తర్వాత దొరలు మళ్లీ అక్కడ కాపురం పెట్టలేదు. చర్చి, బేకరీ, బంగళా గోడలను మర్రి జాతి వేళ్లు కమ్మేశాయి. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు జమీందార్లు తోటల్లో దొంగ శిథిలాలు కట్టించుకునేవారు, ఇవి అసలైనవి. ఫొటోలకు అందంగా ఉంటాయి. ఆ అందం నన్ను కలవరపెడుతుంది, ఎందుకంటే ఆ ఇటుకలు పేర్చింది ఖైదీలన్న సంగతిని ఆ వేళ్లు మరుగుపరుస్తాయి.

ఇప్పుడు శ్రీ విజయపురమైన పోర్ట్ బ్లెయిర్‌లో తరాలుగా తెలుగువాళ్లున్నారు. వాళ్లలో ఎవరైనా ఈ జైలు మీద నవల రాస్తే బాగుండు. దానికి టోంగా లాంటి రాక్షసుడు అక్కర్లేదు. గడియ ఎక్కడుందో, కిటికీ ఎంత ఎత్తులో ఉందో, పక్క గదిలో ఎవరున్నారో ఎందుకు తెలియదో ఉన్నదున్నట్టు రాస్తే సరిపోతుంది.